యంత్రము మారినప్పుడు లైసెన్సు సంగతి

రేడియో ఉన్న యింటివారికి లైసెన్సు అను మాట క్రొత్తది కాదు. ఒకప్పుడు మన దేశమున రేడియో పెట్టెను డబ్బిచ్చి కొన్నంత మాత్రమున పని తీరెడిది కాదు. పెట్టె మనది, దానిని ఉంచుకొని వినుటకు అనుమతి ప్రభుత్వమువారిది. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రాఫీ చట్టము అమలులో నుండగా తపాలా కార్యాలయమున రుసుము చెల్లించి ఆ అనుమతి పొందవలసియుండెడిది. గడువు తీరినచో మరల చెల్లించవలెను. 1980 దశకము నడుమ ఆ పద్ధతి రద్దయినది. పెద్దలకు జ్ఞాపకమున్న ఆ లైసెన్సు పుస్తకము నేటి పిల్లలకు వింత వస్తువు. కాని వస్తువు వేరు, దానిని వాడుకొను అనుమతి వేరు అను ఆ పాత సూత్రము పోలేదు. అది కంప్యూటరు వెంట మరల మన యిండ్లలో ప్రవేశించినది.

ఇంజనీరింగు పనులకు ఉపయోగించు సాఫ్ట్‌వేరును బల్లమీది డెస్క్‌టాప్ కంప్యూటరు నుండి సంచిలో పట్టు ల్యాప్‌టాప్‌నకు మార్చుకొనుట ఎట్లు? మార్చునప్పుడు దాని లైసెన్సు ఏమగును? ఏమరుపాటున మార్చినచో కలుగు నష్టమేమి? ఇవియే ఈ వ్యాసమున చెప్పదలచిన విషయములు. వినుటకు ఇది చిన్న సంగతిగా తోచవచ్చును. పటములు గీసి జీవించువారికి మాత్రము ఇది ఒక వారపు సంపాదనకు, ఒక్కొక్కప్పుడు చేతికి వచ్చిన పనికే ముప్పు తెచ్చు సంగతి.

హైదరాబాదులోని రహమత్ నగర్‌ను తీసికొందము. ఒక వైపు యూసుఫ్‌గూడ, మరొక వైపు బోరబండ. కొద్ది దూరమున కృష్ణానగర్, జూబిలీ హిల్స్, ఫిలిం నగర్. చిన్న వృత్తులవారును, చలనచిత్ర పరిశ్రమను నమ్ముకొని బ్రదుకువారును ఈ వాడలలో నివసించుచున్నారు. యూసుఫ్‌గూడలో చిన్న పరిశ్రమలవారికి శిక్షణ నిచ్చు జాతీయ సంస్థ కలదు. అది 1960లో ఢిల్లీలో పుట్టి 1962లో హైదరాబాదునకు తరలివచ్చినది. బాలానగర్‌లో 1968లో నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ కలదు; యంత్రభాగముల రూపకల్పనను కంప్యూటరు మీద నేర్పు విద్యాలయము అది. కనుక ఈ ప్రాంతమున ఇంజనీరింగు సాఫ్ట్‌వేరు పెద్ద కంపెనీల మేడలలోనే కాక, అద్దె గదులలోను పని చేయుచున్నది.

చలనచిత్రమునకు కట్టు సెట్టునకు గూడ ఇంటికి వలెనే పటము కావలెను. గోడ ఎత్తెంత, తలుపు వెడల్పెంత, కెమెరా కదలుటకు విడువవలసిన చోటెంత, పై బరువును మోయు ఇనుప చట్రము ఎట్టిది అను వివరము లన్నియు అందు ఉండవలెను. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభమైన నాటికి ఇట్టి పటములు బల్లమీద కాగితము పరచి, టీ-స్క్వేరు పట్టి గీసెడివారు. ఆటోక్యాడ్ అను సాఫ్ట్‌వేరు 1982లో మొదటిసారి వెలువడిన పిమ్మట లోకమంతట ఆ పని క్రమక్రమముగా కంప్యూటరునకు మారినది.

ఇప్పుడొక డ్రాఫ్ట్స్‌మన్‌ను ఊహించుకొందము. రహమత్ నగర్‌లోని తన గదిలో డెస్క్‌టాప్ మీద సెట్టు పటము గీసినాడు. మరునాడు సెట్టు కట్టుచోటికి పోవలెను. అక్కడ కళాదర్శకుడు “ఈ స్తంభమును రెండడుగులు లోపలికి జరుపవలెను, మెట్లు ఎట్లు వచ్చునో ఇప్పుడే చూపుము” అనును. వడ్రంగులు పని ఆపి నిలిచియుందురు. డ్రాఫ్ట్స్‌మన్ ల్యాప్‌టాప్ తెరచును. పటము ఫైలు అందున్నది, సాఫ్ట్‌వేరు అందున్నది. కాని తెరమీద “ఈ యంత్రమునకు లైసెన్సు లేదు” అను మాట కనబడును. సొమ్ము చెల్లించినది నిజము, బిల్లు ఉన్నది నిజము. అయినను పని సాగదు. దీనికి కారణము తెలియవలెనన్న, అతడు సొమ్మిచ్చి కొన్నది ఏమి అను ప్రశ్నతో ఆరంభింపవలెను.

గ్రంథాలయమున పుస్తకము తెచ్చుకొన్నవాడు దానిని చదువుకొనవచ్చును గాని అమ్ముకొనరాదు. అంగడిలో పుస్తకము కొన్నవాడు ఆ ప్రతిని అమ్ముకొనవచ్చును గాని మరల అచ్చు వేయరాదు. సాఫ్ట్‌వేరు ఈ రెంటిలో దేనికి చెందును? ఈ ప్రశ్న న్యాయస్థానములను చాలకాలము వేధించినది. అందు ముఖ్యమైన వ్యాజ్యమొకటి మన రాష్ట్రమునుండియే పోయినది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థకును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును నడుమ అమ్మకపు పన్ను విషయమున వచ్చిన వివాదములో 2004 నవంబరు 5వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. డిస్కుమీద చేర్చి అందరకు ఒకే రీతిగా అమ్ము సాఫ్ట్‌వేరు ప్రతి ‘సరుకు’ క్రిందికి వచ్చునని ఆ తీర్పు సారాంశము. తరువాత 2021 మార్చి 2న ‘ఇంజనీరింగ్ అనాలిసిస్’ వ్యాజ్యములో అదే న్యాయస్థానము ఆదాయపు పన్ను సందర్భమున మరొక మాట స్పష్టము చేసినది. విదేశపు సాఫ్ట్‌వేరును వాడుకొనుటకు సొమ్ము చెల్లించువానికి గ్రంథస్వామ్యమున ఏ హక్కును సంక్రమింపదు. కాపీరైటు గల వస్తువును వాడుకొను అవకాశము మాత్రమే లభించును. ఈ రెండు తీర్పులును పన్నుల సంబంధమైనవి. అయినను ప్రతి వేరు, ప్రతిపై హక్కు వేరు అను భేదమును అవి మనకు చక్కగా చూపుచున్నవి.

విదేశములలో ఇంజనీరింగు సాఫ్ట్‌వేరు గూర్చియే సూటిగా వచ్చిన వ్యాజ్యము కలదు. అమెరికాలో ఒక వాస్తుశిల్పుల కార్యాలయము ఆటోక్యాడ్ పాత ప్రతులను వదలి క్రొత్తవి తీసికొన్నది. నష్టపరచవలసిన ఆ పాత ప్రతులు చేతులు మారి ఇంటర్నెట్టు వేలములో అమ్మకమునకు వచ్చినవి. 2010 సెప్టెంబరులో అక్కడి అప్పీలు న్యాయస్థానము ఆటోడెస్క్ సంస్థ పక్షమున తీర్పు చెప్పుచు, మొదటి కార్యాలయము లైసెన్సుదారు మాత్రమే గాని యజమాని కాదనినది. యజమాని కానివాడు అమ్మజాలడు. ఐరోపా న్యాయస్థానము మరొక త్రోవ త్రొక్కినది. ఒరాకిల్ సంస్థకు సంబంధించిన వ్యాజ్యములో 2012 జూలై 3న, కాలపరిమితి లేకుండ అమ్మిన సాఫ్ట్‌వేరు ప్రతిని కొన్నవాడు మరల అమ్ముకొనవచ్చుననియు, కాని అమ్ముసమయమున తన యంత్రములోని ప్రతిని పనికిరాకుండ చేయవలెననియు చెప్పినది.

తీర్పులు భిన్నములైనను రెండింటికిని ఆధారమైన భావన ఒక్కటే. ఒక అనుమతి ఒకే కాలమున రెండు చోట్ల ఉండరాదు. డెస్క్‌టాప్ నుండి ల్యాప్‌టాప్‌నకు మారువాడు జ్ఞాపకముంచుకొనవలసిన మొదటి మాట ఇదియే. అద్దె యిల్లు మారునప్పుడు పాత యింటి తాళపుచెవి అప్పగించి బయానా తిరిగి తీసికొని, దానిని క్రొత్త యింటివారికి కట్టుదుము. పాత తాళపుచెవి జేబులో ఉంచుకొని బయానా అడిగినచో ఎవరిత్తురు?

సాఫ్ట్‌వేరు తాను ఏ యంత్రములో నున్నదో ఎట్లు తెలిసికొనును? ప్రతి కంప్యూటరునకును కొన్ని గుర్తులు కలవు. నెట్‌వర్కు పరికరమునకు తయారీలోనే ఇచ్చిన సంఖ్య ఒకటి. అది 48 బిట్ల సంఖ్య, పన్నెండు అక్షరములుగా వ్రాయబడును. డిస్కును సిద్ధము చేసినప్పుడు దానికి ఏర్పడు క్రమసంఖ్య మరొకటి. మదర్‌బోర్డు సంఖ్య ఇంకొకటి. సాఫ్ట్‌వేరు మొదటిసారి తెరచినప్పుడు ఇట్టి గుర్తులలో కొన్నింటిని చేర్చి ఒక ముద్ర వంటిదానిని తయారుచేయును. దానిని ఇంటర్నెట్టు ద్వారా కంపెనీ సర్వరునకు పంపును. సర్వరు తన ఖాతాలో “ఈ క్రమసంఖ్య గల లైసెన్సు ఈ యంత్రమునకు ఇచ్చితిని” అని వ్రాసికొని అనుమతి పంపును. దీనినే యాక్టివేషన్ అందురు. ఆ ఖాతాలో పద్దు కొట్టివేయబడువరకు ఆ లైసెన్సు ఆ యంత్రముపేరనే నిలిచియుండును.

ఈ ఏర్పాటు తెలిసినచో కొన్ని వింతలు వింతలుగా తోచవు. డెస్క్‌టాప్ డిస్కునందలి ఫైళ్లన్నిటిని ల్యాప్‌టాప్‌నకు పంపినను సాఫ్ట్‌వేరు ఏల పలుకదు? ఫైళ్లు పోయినవి గాని సర్వరు ఖాతాలోని పద్దు మారలేదు. మరమ్మతుకై మదర్‌బోర్డు మార్చినంతనే పాత కంప్యూటరులోనే లైసెన్సు ఏల పోవును? ముద్ర మారినది. ల్యాప్‌టాప్ విషయమున మరియొక చిక్కు కలదు. దానికి తీగతో కలుపు నెట్‌వర్కు పరికరమొకటి, తీగ లేనిది మరొకటి, యు.ఎస్.బి. ద్వారా తగిలించునది ఇంకొకటి ఉండవచ్చును; ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంఖ్య. లైసెన్సును బయట తగిలించు పరికరపు సంఖ్యకు ముడివేసినచో, అది బల్లమీద మరచిపోయిననాడు లైసెన్సు గూడ బల్లమీదనే ఉండిపోవును. వైఫై సంఖ్యను మాటిమాటికి మార్చు ఏర్పాటు క్రొత్త కంప్యూటర్లలో కలదు. అట్టి లైసెన్సు ఉన్నవారు దానిని నిలిపియుంచుట మేలు. లోపలి స్థిరమైన సంఖ్యకు ముడివేయుట అంతకంటె మేలు.

లైసెన్సులన్నియు ఒక్క రీతివి కావు. స్థూలముగా నాలుగు విధములుగా విభజింపవచ్చును.

మొదటిది డాంగిల్ అను చిన్న తాళపుచెవి వంటి పరికరము. దానిని ఏ కంప్యూటరునకు తగిలించిన ఆ కంప్యూటరులో సాఫ్ట్‌వేరు నడచును. ఫిలిం నగర్ ప్రాంతపు ఎడిటింగు గదులలోను, శబ్దముద్రణ గదులలోను పనిచేయువారికి ఇది చిరపరిచితము. యంత్రము మార్చుటకు దీనియంత సులువైన మార్గము లేదు. ఇక్కడ తీసి అక్కడ పెట్టుటయే. కాని ఆటోరిక్షాలో జారిపడినచో చాల కంపెనీలు దానిని క్రొత్త లైసెన్సు కొన్నట్లే లెక్కించును. కనుక దానిని బంగారు ఉంగరమువలె చూచుకొనవలెను. కొన్ని కంపెనీలు డాంగిల్ గాని, క్రమసంఖ్య గాని ఎంచుకొను వీలు కల్పించును. రంగులు దిద్దుటకు వాడు డావించీ రిజాల్వ్ స్టూడియో ఇట్టిది. దాని క్రమసంఖ్యతో రెండు కంప్యూటర్లను యాక్టివేట్ చేసికొనవచ్చును.

రెండవది ఒక్క యంత్రమునకు ముడివడిన లైసెన్సు. పైన వివరించిన ముద్ర పద్ధతి దీనిదే. యంత్రభాగముల రూపకల్పనకు వాడు సాలిడ్‌వర్క్స్ వంటివానిలో ఇట్టి లైసెన్సునకు ‘డీయాక్టివేట్’ అను ఏర్పాటు కలదు. డెస్క్‌టాప్‌లో దానిని నొక్కినచో సర్వరు ఖాతాలో పద్దు కొట్టివేయబడును. పిదప ల్యాప్‌టాప్‌లో యాక్టివేట్ చేసికొనవచ్చును. ఎన్నిమారులైన ఇటునటు మార్చుకొనవచ్చునా, లేక సంవత్సరమునకు ఇన్నిమారులే అను పరిమితి కలదా అనునది ఆయా కంపెనీ ఒప్పందమునుబట్టి యుండును. దానిని కొనకముందే చదువుట మంచిది.

మూడవది కార్యాలయములకు తగిన తేలు లైసెన్సు. ఇందు అనుమతి ఏ యంత్రమునకును స్థిరముగా చెందదు. కార్యాలయమున ఒక సర్వరు ఉండును; అందు అయిదు లైసెన్సులున్నచో ఇరువదిమందిలో ఏ అయిదుగురైన ఒకే సమయమున పని చేయవచ్చును. ఒకరు మూసినంతనే మరియొకరు తీసికొందురు. 1980 దశకము చివర రూపొందిన ఫ్లెక్స్‌ఎల్‌ఎం అను పద్ధతి దీనికి ప్రసిద్ధమైనది. ల్యాప్‌టాప్ పట్టుకొని పనిచోటికి పోవువానికి ఇందు ‘అరువు’ ఏర్పాటు కలదు. సర్వరునుండి కొన్ని దినములకు ఒక లైసెన్సును అరువు తీసికొన్నచో అన్ని దినములును ఇంటర్నెట్టు లేకయే పని సాగును. సాలిడ్‌వర్క్స్‌లో ఈ గడువు ముప్పది దినములకు మించదు. గడువు తీరగానే ఆ లైసెన్సు తనంత తాను సర్వరునకు చేరును. పని ముందుగా ముగిసినచో ముందే తిరిగి ఇచ్చుట మర్యాద. గడువు పొడిగించుకొనుటకు కంప్యూటరు గడియారమును వెనుకకు త్రిప్పుట కొందరు చేయు పని. సాఫ్ట్‌వేరు దానిని కనిపెట్టి అసలే తెరచుకొనకపోవచ్చును.

అరువు విలువ 2020లో అనేకులకు తెలిసివచ్చినది. ఆ యేడు మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ ఆరంభమైనది. కార్యాలయములు మూతపడినవి, సర్వర్లు లోపల ఉండిపోయినవి. ముందు చూపుతో లైసెన్సు అరువు తీసికొన్నవారును, కార్యాలయపు నెట్‌వర్కులోనికి దూరమునుండి ప్రవేశించు ఏర్పాటు గలవారును ఇంటివద్ద పని సాగించుకొనగలరు. అట్టి ఏర్పాటు లేనివారి యింట ల్యాప్‌టాప్ ఉన్నను, సాఫ్ట్‌వేరు ఉన్నను, అనుమతి మాత్రము తాళము వేసిన కార్యాలయమున ఉండిపోవును.

నాలుగవది మనిషి పేర నుండు లైసెన్సు. నేడు ఎక్కువగా వ్యాపించుచున్నది ఇదియే. ఆటోడెస్క్ సంస్థ 2016లో క్రొత్త శాశ్వత లైసెన్సుల అమ్మకము నిలిపి చందా పద్ధతికి మారినది. 2020 ఆగస్టునుండి కార్యాలయపు తేలు లైసెన్సులను గూడ మనుష్యుల పేరనుండు లైసెన్సులుగా మార్చసాగినది. ఇందు సాఫ్ట్‌వేరును మూడు కంప్యూటర్లలో పెట్టుకొనవచ్చును. కాని ఒక సమయమున ఒక్కదానిలోనే, ఆ పేరుగలవాడు మాత్రమే వాడవలెను. డెస్క్‌టాప్‌నుండి ల్యాప్‌టాప్‌నకు మారుటకు వేరుగా చేయవలసిన కార్యము దాదాపు లేదు. తన పేరు, రహస్యపదము ఇచ్చిన చాలును. ముప్పది దినములకు ఒకమారైన ఇంటర్నెట్టుతో కలుపవలెను. సౌకర్యము పెరిగినది నిజమే. దానికి ప్రతిఫలముగా ఏటేట చందా కట్టవలసివచ్చినది. కట్టనినాడు అనుమతి తీరిపోవును. పాత రేడియో లైసెన్సు మరల వచ్చినదనుట ఇందులకే.

పేరుమీద నుండు లైసెన్సులో ఒక హెచ్చరిక. కట్టడముల బలమును లెక్కగట్టు స్టాడ్ ప్రో అను సాఫ్ట్‌వేరు హైదరాబాదు సివిల్ ఇంజనీర్లకు చిరపరిచితము. అది 2005లో బెంట్లీ సంస్థ చేతికి వచ్చినది. ఇట్టి కొన్ని సంస్థలు అనుమతించిన సంఖ్యకు మించి వాడినప్పుడు తలుపు మూయుటకు బదులు మించిన వాడుకకు బిల్లు పంపు పద్ధతి నవలంబించును. డెస్క్‌టాప్‌లో సాఫ్ట్‌వేరు తెరచియుంచి, ల్యాప్‌టాప్‌లో గూడ తెరచినచో, ఒప్పందమునుబట్టి అది రెండు వాడుకలుగా లెక్కకు రావచ్చును. తెర తెరచుకొన్నది గదా అని సంతోషించుటకు ముందు ఒప్పందము చూచుకొనవలెను.

ఇక మార్చు క్రమము. తరచుగా జరుగు పొరపాటు ఏమనగా, పాత కంప్యూటరునుండి సాఫ్ట్‌వేరును తొలగించినచో లైసెన్సు విడుదలయైనదని భావించుట. తొలగించుట వేరు, తిరిగి ఇచ్చుట వేరు. అద్దె యింటిలోని సామాను ఎత్తుకొని పోయినంత మాత్రమున ఇల్లు ఖాళీ చేసినట్లు యజమానికి తెలియదు. డిస్కును తుడిచివేయుట, విండోసు మరల ఎక్కించుట గూడ అట్టివే. కనుక ముందుగా డెస్క్‌టాప్‌లో సాఫ్ట్‌వేరు తెరచి, ఇంటర్నెట్టు ఉన్నదని చూచుకొని, లైసెన్సును తిరిగి ఇయ్యవలెను. ఇచ్చినట్లు తెరమీద వచ్చు మాటను ఫోటో తీసి ఉంచుకొనవలెను. తరువాత ల్యాప్‌టాప్‌లో అదే సంవత్సరపు సాఫ్ట్‌వేరు ఎక్కించి యాక్టివేట్ చేయవలెను. క్రొత్త సంవత్సరపు సాఫ్ట్‌వేరులో భద్రపరచిన పటమును పాతది తెరువలేకపోవుట సాధారణము. ల్యాప్‌టాప్‌లో ఒక పాత పని తెరచి, మార్చి, అచ్చు తీసి చూచిన పిమ్మటనే డెస్క్‌టాప్‌ను తుడువవలెను.

లైసెన్సుతో పాటు వెళ్లవలసిన పరివారము మరి కొంత కలదు. తెలుగు అక్షరముల ఫాంట్లు, కార్యాలయపు టైటిల్ బ్లాకు, గీతల మందములు నిర్ణయించు అచ్చు పట్టికలు, తరచు వాడు తలుపులు కిటికీల బొమ్మలు, తాను వ్రాసికొన్న చిన్న ఆదేశములు ఇవన్నియు డెస్క్‌టాప్‌లో వేరువేరు మూలల నుండును. వీనిని మరచినచో సాఫ్ట్‌వేరు తెరచుకొనును గాని పటము మరియొకరు గీసినట్లు కనబడును. తెలుగు వ్రాత ప్రశ్నార్థకములుగా మారును. విండోసు లైసెన్సు విషయమున గూడ భేదము కలదు. కంప్యూటరుతో పాటు వచ్చినది ఆ కంప్యూటరుతోనే యుండును. విడిగా కొన్నది క్రొత్తదానికి మార్చుకొనవచ్చును.

ఇంతవరకు చెప్పినది డెస్క్‌టాప్ బ్రతికియున్నప్పటి మాట. అది హఠాత్తుగా చచ్చినచో ఏమగును? వేసవిలో విద్యుత్తు ఎగుడుదిగుడులకు ఒక సాయంకాలము మదర్‌బోర్డు కాలిపోవచ్చును. అప్పుడు లైసెన్సును తిరిగి ఇచ్చుటకు యంత్రము లేదు. సర్వరు ఖాతాలో అది చచ్చిన యంత్రము పేరనే యున్నది. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట ఇదియే. అయినను మార్గము లేకపోలేదు. కంపెనీ సహాయ కేంద్రమునకు క్రమసంఖ్య, కొన్న బిల్లు, నమోదు చేసిన ఈమెయిలు తెలిపి ప్రార్థించినచో అనేక కంపెనీలు పాత పద్దును కొట్టివేసి క్రొత్త అనుమతి నిచ్చును. కాని అందుకు కొన్ని దినములు పట్టవచ్చును. నిర్వాహణ చందా లేని పాత లైసెన్సులకు నిరాకరణయు రావచ్చును.

ఇక్కడనే చాలమంది చిన్న వృత్తిదారులు చిక్కుకొను సంగతి మరియొకటి కలదు. సాఫ్ట్‌వేరు కొన్ననాడు నమోదు ఎవరి పేర జరిగినది? కొన్నిచోట్ల అమ్మిన వ్యాపారి తన ఈమెయిలునే వ్రాయును. మరికొన్నిచోట్ల అప్పుడు పనిలోనున్న కుర్రవాడు తన ఈమెయిలు ఇచ్చును. రెండేండ్లకు అతడు మరొకచోట పనికి కుదురును. సొమ్ము చెల్లించినవాడు ఒకడు, కంపెనీ దృష్టిలో లైసెన్సుదారు మరియొకడు. యంత్రము బాగున్నంత కాలము ఈ లోపము బయటపడదు. మార్పు వచ్చిననాడే బయటపడును. కావున నమోదు తన పేరను, తన ఈమెయిలుతోను ఉన్నదో లేదో ఈనాడే చూచుకొనుట అందరకును విధి.

ఇట్టి యిబ్బందిలో పడినవానికి సులభమైన మార్గమొకటి ఎదుట కనబడును. లైసెన్సు అడుగకుండ పగులగొట్టిన సాఫ్ట్‌వేరు సందు చివర దొరకును. పని ఆగిపోయినది, నిర్మాత తొందరపెట్టుచున్నాడు, నేను సొమ్ము చెల్లించినవాడనే గదా అని మనస్సు సమాధానము చెప్పును. చట్టము ఆ సమాధానమును అంగీకరింపదు. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1994లో చేసిన సవరణద్వారా 63-బి అను సెక్షను చేరినది. అక్రమ ప్రతియని తెలిసియు కంప్యూటరులో వాడినవానికి ఏడు దినములకు తగ్గక మూడు సంవత్సరముల వరకు జైలు, ఏబదివేలకు తగ్గక రెండు లక్షల రూపాయల వరకు జరిమానా అది విధించుచున్నది. వ్యాపార లాభమునకు గాక వాడినప్పుడు మాత్రము జైలు లేకుండ ఏబదివేలవరకు జరిమానాతో విడుచుటకు న్యాయస్థానమునకు వీలు కలదు. పటము గీసి డబ్బు తీసికొనువానికి ఆ మినహాయింపు అందదు. చట్టము వాడుకొనువాని పక్షమును పూర్తిగా మరువలేదు. సక్రమముగా పొందిన ప్రతి పాడగునేమో యని రక్షణార్థము మరొక ప్రతి తీసియుంచుకొనుటకు 52వ సెక్షను అనుమతించుచున్నది. అయితే రక్షణకై తీసిన ప్రతి వేరు, దానిని రెండవ యంత్రములో నడుపుట వేరు.

పగులగొట్టిన సాఫ్ట్‌వేరులో చట్టమునకు మించిన అపాయము గూడ కలదు. తాళమును విరుగగొట్టినవాడు ఇంటిలో ఇంకేమి పెట్టి పోయినాడో మనకు తెలియదు. పటములన్నిటికి రహస్యలిపి తొడిగి సొమ్మడుగు వైరసులు ఇట్టి త్రోవనే వచ్చుట కలదు. ఒక లైసెన్సు వెల మిగుల్చుకొనబోయి సంవత్సరముల కష్టమును పోగొట్టుకొనుట లాభసాటి బేరము కాదు.

చందా భారము మోయలేనివారికి ధర్మమైన త్రోవలును కలవు. ఫ్రీక్యాడ్, లిబ్రెక్యాడ్, బ్లెండర్ అనునవి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు. వీనిని డెస్క్‌టాప్‌లోను ల్యాప్‌టాప్‌లోను ఎన్నిటనైన ఎక్కించుకొనవచ్చును. తిరిగి ఇచ్చు పని లేదు, ముద్ర లేదు, గడువు లేదు. పెద్ద సాఫ్ట్‌వేర్లలోని సౌకర్యములన్నియు వీనిలో ఉండవు. అయినను సమతల పటములకు, చిన్న యంత్రభాగములకు ఇవి ఉపకరించును. విద్యార్థులకు కంపెనీలు ఉచితముగా గాని, స్వల్ప వెలకు గాని లైసెన్సులిచ్చుట కలదు. అవి చదువుకే గాని సంపాదనకు కావు. పూర్వపు ఆటోక్యాడ్ విద్యార్థి ప్రతులలో గీసిన పటము అచ్చు తీసినచో, అంచున విద్యార్థి ప్రతియని ముద్ర పడెడిది. ఆ పటమును ఖాతాదారునకు ఇచ్చినవాని సంగతి ఆ ముద్రయే చెప్పెడిది.

చివరకు చేయవలసిన పని చాల చిన్నది. ఒక కాగితము తీసికొని దానిమీద ఈ వివరములు వ్రాయవలెను: సాఫ్ట్‌వేరు పేరు, సంవత్సరము, క్రమసంఖ్య, నమోదైన ఈమెయిలు, కొన్న తేదీ, చందా తీరు తేదీ, ఇప్పుడు ఏ యంత్రములో యాక్టివేట్ అయి యున్నది. దానికి బిల్లు నకలు జతచేసి ఇంటి పత్రములుంచు బీరువాలో పెట్టవలెను. యంత్రము మార్చిన ప్రతిసారి చివరి గడి దిద్దవలెను. యంత్రములు పాతబడును, కాలిపోవును, మారును. వాని ఆయువు మన చేతిలో లేదు. అనుమతి ఏ యంత్రము పేర నున్నదో తెలిసియుండుట మాత్రము మన చేతిలోని పని. డెస్క్‌టాప్ బాగుగా నడచుచున్న ఈనాడే ఆ కాగితము వ్రాసికొన్నవానికి, సెట్టుచోట పదిమంది ఎదుట ల్యాప్‌టాప్ తెరచుటకు జంకు ఉండదు.